నాలుగో ముడి

"అల్లుడు ఫోన్ జేసిండు! పిస్టను ఖరాబైందట! పట్టుకొని అత్తాండట!"

మల్లవ్వ ఈ మాటను షెడ్డు గుమ్మంలో నిలబడి అరిచింది. అరవక తప్పదు. అటు ఎనిమిది సాంచాలు, ఇటు ఎనిమిది సాంచాలు, నడుమ ఆమె భర్త ఆనందం రేకుల షెడ్డు. సాంచా అంటే సిరిసిల్ల వాళ్ళు మరమగ్గాన్ని పిలుచుకునే ముద్దుపేరు. అది చేసే చప్పుడులో మాత్రం ముద్దేమీ ఉండదు, గుద్దే ఉంటుంది. ఆ గుద్దుళ్ళ పక్కనే ముప్పై ఏళ్ళుగా నూలు కండెలు చుట్టి చుట్టి మల్లవ్వ చెవులు సగం అరిగిపోయాయి. మిగిలిన సగంతో ఆమె విన్నంత వింటుంది, వినబడనిది ఊహిస్తుంది, రెండూ కలిపి వాడకట్టంతా పంచుతుంది.

"ఏ పిస్టనే? బండిదా, ట్రాక్టరుదా?" అన్నాడు ఆనందం, చేతిలో ఆకురాయి ఆపకుండానే.

"నాకేమెరుక! పిస్టనన్నడు. మామకైతెనే చేతనైతదన్నడు. ఎవలకు చెప్పకన్నడు."

"ఎవలకు చెప్పకన్నడా?"

"ఆఁ. బక్కయ్యకు గూడ చెప్పద్దా అని అడిగిన. గప్పుడే ఫోన్ పెట్టేసిండు."

ఎదురుగా చాయ్ హోటల్ నడిపే బక్కయ్యకు ఆ సంగతి అప్పటికే తెలిసిపోయింది. బక్కయ్యకు తెలిసిందంటే మూడు గల్లీల మగ్గాల ఆసాములకూ చాయ్‌తోపాటు అందినట్టే. మధ్యాహ్నానికల్లా అందరూ ఆనందాన్ని అడగడం మొదలుపెట్టారు: అల్లుడి పిస్టను అచ్చిందా?

ఆనందం జాబరు. సాంచా మొరాయిస్తే పరుగున వచ్చి దాని రోగం కనిపెట్టే మనిషిని అక్కడ జాబరు అంటారు. జాబు రాయడం రాకపోయినా, జాబంటూ ఒకటి లేకపోయినా, యాభై నాలుగేళ్ళ ఆనందం ఊళ్ళో పేరున్న జాబరే. షెడ్డులో ఒక పాత లేతు మిషను, గోడకు ఆకురాళ్ళు, కింద ఇనుప రజను. మరమగ్గానికి మరమ్మతు చేస్తాడు, దాని మర్మం మాత్రం ఎవరికీ చెప్పడు.

ఒక్కగానొక్క బిడ్డ రజితను కోరి కోరి కోరుట్ల సంబంధానికే ఇచ్చాడు. అల్లుడు మహిపాల్ నేతవాళ్ళ ఇంట పుట్టాడే గానీ పోగు ముట్టిన పాపాన పోలేదు. ఆరేళ్ళు దుబాయిలో ఉండి వచ్చాడు. ఇప్పుడు కోరుట్ల చుట్టుపక్కల పొలాలను ప్లాట్లుగా కోసే ఒక వెంచరు వాళ్ళ వెంట తిరుగుతున్నాడు. బట్ట అల్లకపోయినా మాటలు బాగా అల్లుతాడు. అల్లుతాడు కాబట్టే అల్లుడయ్యాడని ఆనందం పది మందిలో అని నవ్వేవాడు. ఆ నవ్వు ఆ రోజు వరకే.

మహిపాల్ రెండు మిఠాయి డబ్బాలతో దిగాడు. ఒకటి అత్తకు ఇచ్చాడు. రెండోది పట్టుకుని షెడ్డులోకి వచ్చి, తలుపు దగ్గరికి లాగి, లేతు మీద పెట్టి మూత తీశాడు. పైన వెన్న కాగితం ఉంది. కాగితం కింద మిఠాయి లేదు.

ఆనందం చేతిలోని ఆకురాయి పక్కన పెట్టాడు.

"గిది పిస్టను కాదు గద అల్లుడా."

"పిస్టనని ఎవలన్నరు మామ? పిస్టలన్న నేను. అత్తకు ఇనబడక ఇంకోటి జేసింది. పోనీ, గదే మంచిగయింది, గట్లనే ఉండనియ్యి."

"గీ సామాను నీకెందుకు?"

మహిపాల్ లేతు పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. సాంచాల చప్పుడులో ఆ తగ్గించిన గొంతు వినడానికి ఆనందం ముందుకు వంగాల్సి వచ్చింది. వంగడం అక్కడే మొదలైంది.

"నా పానం మీదికి అచ్చింది మామ. ఇంకో వెంచరోళ్ళు నన్ను ఏసేత్తమని తిరుగుతాండ్రు. దుబాయిల నా రూములున్న ఒక ఉత్తరాదోడు ఇప్పిచ్చిండు గిది. తీరా సూత్తే పనికచ్చుడు లేదు. గుండు పైకెక్కదు, జామైతది. ఎక్కి పేలినా ఇటు కొడితే అటు పోతది. రేపు వాళ్ళు ఎదురైన నాడు గిది జామైతే నీ బిడ్డ గతేంది?"

"పోలీసోళ్ళకు చెప్పరాదు?"

"చెప్తే ఇంకా తొందరగ సంపుతరు."

"నాతోని గాదు. గిది నా పని గాదు. తీస్కపో."

మహిపాల్ మూత పెట్టాడు. లేచాడు. తలుపు దగ్గర ఆగి, "సరే మామ. రజితకు నువ్వే చెప్పుకో," అన్నాడు.

అల్లుడి మాట కాదనడమంటే ఆ ఇళ్ళల్లో అంత తేలిక కాదు. విందులో కూర తగ్గిందని అలిగిన అల్లుడినే నాలుగు వీధుల దాకా వెంటపడి వెనక్కి తెచ్చుకుంటారు. ఇక ప్రాణం అడిగిన అల్లుడినేం చేస్తారు? ఆనందం డబ్బా లాక్కున్నాడు.

ఇంకో సంగతి కూడా ఉంది. అది అతను ఎవరితోనూ అనలేదు. డబ్బా మూత తీయగానే అతని కన్ను ఆ పిస్టలు గొట్టం మూతి మీద పడింది. ఒక పక్క దెబ్బతిని వంకరగా ఉంది. ఎవడో చేతగాని వాడు చేసిన పని. చెడ్డ మనిషిని చూసి ఊరుకోగలడు గానీ చెడ్డ పనిని చూసి ఆనందం ఊరుకోలేడు.

తుపాకి సంగతి అతనికి తెలియదు. నాడె సంగతి తెలుసు. సాంచాలో దారాన్ని అటూ ఇటూ మోసుకెళ్ళే కొయ్య నాడె. అది పెట్టెలోంచి బయలుదేరే చోట వెంట్రుకంత గరుకున్నా దారి తప్పి ఎగిరి మనిషి కన్ను పొడుస్తుంది. ఇదీ అంతే అనుకున్నాడు. గుండు కింది నుంచి లేచి గొట్టంలోకి దూరే చోట చిన్న గడప లాంటిది ఉంది. గుండు తల అక్కడ కొట్టుకుని ఆగుతోంది. గొట్టం మూతి దగ్గరేమో పోయే గుండును పక్కకు నెట్టేస్తోంది. లోపలికి పోవడానికి గడప అడ్డం, బయటికి పోవడానికి మూతి అడ్డం. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఎక్కడ ఎంత గీకాడో, ఎంత నునుపు చేశాడో మనకెందుకు? అతనికే తెలియకుండా ఉండాల్సిన విద్య అది.

పని అయిందో లేదో చూసుకోవడానికి జాబర్లకు ఒక పద్ధతి ఉంది. వేలును నమ్మరు. వేలికి కాయలు కాచి ఉంటాయి. దారాన్నే నమ్ముతారు. బాగుచేసిన ప్రతి అంచు మీదా పలచని దారం లాగుతారు. ఎక్కడైనా గరుకుంటే దారం నూగు పట్టుకుంటుంది. ఎక్కడా పట్టకుండా జారితే పని అయినట్టు. అప్పుడు అదే దారాన్ని బాగుచేసిన సామానుకు ఒక ముడి వేసి వదులుతారు. ఇది చూసింది, ఇక బిగించుకోవచ్చు అని గుర్తు. ఒక్కో జాబరుది ఒక్కో రంగు. ఆనందానిది రాణి రంగు, కంట్లో గుచ్చుకునే గులాబి. ముడి మాత్రం అందరిదీ ఒకటే. తెగిన పోగును అతికే నేత ముడి, ఒంటి చేత్తో రెండు వేళ్ళతో క్షణంలో పడేది. ఆవగింజంత ఉంటుంది. లాగితే బిగుస్తుందే తప్ప ఊడదు.

రాణి రంగు దారం గొట్టంలోంచి నూనెలా జారింది.

మహిపాల్ వచ్చాక వెనకాల గదిలో పాత నూలు బేళ్ళ మీద సున్నంతో చిన్న గుండ్రం గీశారు. పట్టపగలు, పదహారు సాంచాలు మోగుతుండగా, మూడుసార్లు కాల్చారు. పక్కింటి వాళ్ళకు కూడా ఏమీ వినబడలేదు. మూడూ ఆ గుండ్రంలోనే పడ్డాయి. ఒక్కటీ జామ్ కాలేదు.

ఆ క్షణాన ఆనందానికి నిజంగానే ఆనందమేసింది. ఈ కథలో అదే ఆఖరి ఆనందం.

"మామ, నువ్వు దేవునివి!" అన్నాడు మహిపాల్.

"బక్కయ్య అడుగుతాండు, పిస్టను మంచిగైందా అని," అంది మల్లవ్వ, చాయ్ తెచ్చి.

మామ అల్లుడి వైపు చూశాడు. అల్లుడు మామ వైపు చూశాడు.

"మంచిగైందని చెప్పు," అన్నాడు ఆనందం.

పదకొండో నాడు బక్కయ్య హోటల్లో పేపరు జిల్లా పేజీ చేతులు మారుతోంది. మల్లాపూర్ దగ్గర ఒక పల్లెలో ఆగయ్య అనే పసుపు రైతును పొలం గట్టు మీద ఎవరో కాల్చి చంపారు. అరవై ఏళ్ళ మనిషి. ఒక్కటే గుండు, సరిగ్గా గుండెలో. గట్టు హద్దు దగ్గర తమ్ముడు భాస్కర్‌తో రెండేళ్ళుగా తగాదా ఉంది. పిస్టలు భాస్కర్ పసుపు కుప్ప కింద దొరికింది. భాస్కర్‌ను తీసుకుపోయారు. ఫోటోలో తెల్లగుడ్డ మీద పిస్టలు, దాని పిడి కింది చిన్న కడియంలో ఏదో గులాబి చుక్క, ఆ చుక్క చుట్టూ ఎర్రటి సున్నా. అది తాయెత్తు దారమనీ, కట్టిన మంత్రగాడి కోసం వెతుకుతున్నారనీ కింద రాశారు.

"తాయెత్తా? వీళ్ళ మొకం!" అన్నాడు బక్కయ్య, పేపరును ముక్కుకు ఆనించుకుని. "గిది మన నేత ముడిరా! పోగతికినట్టు లేదూ? ఎవడో తుపాకిని గూడ సాంచా లెక్కనే జూసిండు."

"రంగు గూడ ఆనందందే," అన్నాడొక ఆసామి.

"ఏం ఆనందం, తుపాకులు గూడ రిపేరు జేత్తానవా?"

అందరూ నవ్వారు. ఆనందం కూడా నవ్వాలి కాబట్టి నవ్వాడు. గ్లాసులో మిగిలిన చాయ్ గుమ్మం బయట పారబోశాడు.

"అది సరే గని," అన్నాడు బక్కయ్య, కొత్త చాయ్ పోస్తూ, "అల్లుని పిస్టను ఎట్లున్నది? మంచిగ నడుత్తాందా?"

"మంచిగ నడిసింది," అన్నాడు ఆనందం. "శాన మంచిగ నడిసింది."

తను ఆ ముడి వేసినట్టు అతనికి గుర్తే లేదు. ముప్పై అయిదేళ్ళ అలవాటు, మెదడును అడగకుండా వేళ్ళు చేసుకుపోయే పని. మహిపాల్ కొసలు చూసి కత్తిరించి ఉంటాడు. ముడి కడియంలో ఇరుక్కుపోయింది. చూసే కళ్ళకు అది మరక. చదివే కళ్ళకు అది సంతకం. ఆ కళ్ళు సిరిసిల్లలో వేలున్నాయి, కానీ నవ్వుకోవడంతో సరిపెట్టాయి. పోలీసుల దగ్గర ఒక్కటీ లేదు. అంటే తను నోరు మూసుకుంటే చాలు. మంత్రగాడు దొరకడు. భాస్కర్ దొరికాడు, అతనే ఉంటాడు.

మర్నాడు పొద్దున్నే బిడ్డను చూసి వస్తానని మల్లవ్వకు చెప్పి ఆనందం బస్సెక్కాడు. వేములవాడ దాటింది, కథలాపూర్ దాటింది. దారి పొడవునా ఒకటే ఆలోచన. పిస్టలును ఎవరో దొంగిలించి ఉంటారు. లేదా మహిపాల్ దాన్ని ఎవరికో అమ్మి ఉంటాడు. ఏదో ఒకటి అల్లి చెప్పాలి అల్లుడు. నమ్మడానికి మామ సిద్ధంగా ఉన్నాడు.

కానీ కోరుట్లలో దిగాక కాళ్ళు బిడ్డ ఇంటి వైపు పోలేదు. మల్లాపూర్ వైపు పోయే ఆటో ఎక్కాడు. అక్కడి నుంచి ఇంకో ఆటో. ఆగయ్య ఇల్లు అడిగితే ఎవరైనా చూపిస్తున్నారు, చచ్చాక మనిషి అడ్రసు అందరికీ తెలుస్తుంది.

దాని పక్కనే తమ్ముడు భాస్కర్ ఇల్లు, వాకిలంతా ఉడకబెట్టిన పసుపు కొమ్ములు పరిచి ఉన్నాయి. భాస్కర్ భార్య లీల ఒక్కతే వాటిని కాళ్ళతో తిరగేస్తోంది. చావు వచ్చిందని పసుపు ఆగదు, తిరగేయకపోతే బూజు పడుతుంది.

"ఎవలు?" అంది.

"సిరిసిల్ల మాది. పేపర్ల జూసిన. పరామర్శకు అచ్చిన," అన్నాడు ఆనందం. ఆ మాట అబద్ధం కాదు. అదే అతన్ని సిగ్గుపడేలా చేసింది.

లీల గడప మీద కూర్చోమంది. అడగకుండానే చెప్పసాగింది. అడిగేవాళ్ళందరూ పోలీసులే అయిన ఇంట్లో, అడగని మనిషి దొరికితే అంతే.

"మా ఆయినకు బావకు మాటల్లేవు, నిజమే. అడుగెడు గట్టు కోసం రెండేండ్లు మొకాలు జూసుకోలే. గని పొద్దుగాల కరెంటు అచ్చిందంటే ఇద్దరి మోటార్లు బావనే ఏసేటోడు. గాయన్ను మా ఆయిన సంపుతడా?"

"మరి ఎవలమీదన్న అనుమానం..."

"ప్లాట్లోళ్ళు అచ్చేటోళ్ళు. బావ భూమి రోడ్డుకున్నది. అమ్మనన్నడు." లీల కాసేపు పసుపు వైపు చూసింది. "ఇంకో మాట. గిది పోలీసోళ్ళకు చెప్తే నమ్మలే. బావ సచ్చిపోయే ఇరవై దినాల ముందు గదే గట్టు మీదికి ఒకడు హెల్మెట్ పెట్టుకొని అచ్చిండట. చేయి సాపిండట. టక్కుమన్నదట, అంతే. వాడు రెండు మూడుసార్లు గుంజి గుంజి, బండెక్కి ఉరికిండట. బావ అచ్చి మాకు చెప్పిండు. రెండేండ్ల తర్వాత మాట్లాడిండు. మేం నవ్వినం. లైటరు కావచ్చు బావా, బీడీ అంటిచ్చుకోనికి అచ్చిండు కావచ్చు అన్న నేను. బావ గూడ నవ్విండు."

ఆనందం గడప మీద నుంచి సగం లేచాడు. "ఇరవై దినాల ముందా?"

"ఆఁ. రెండోసారి అచ్చిననాడు పక్క చేండ్ల కలుపు తీసే శోభ దూరం నుంచి జూసింది. బావ ఉరకలేదట. నడుమున చేతులు పెట్టుకొని నిలబడ్డడట. మల్ల టక్కుమనే అంటదనుకున్నడో ఏమో."

ఆనందం వేళ్ళ మీద లెక్క పెట్టాడు. చావుకు పదకొండు, పన్నెండు రోజుల ముందు పిస్టలు తన షెడ్డుకు వచ్చింది. అంతకు వారం ముందు అది ఈ గట్టు మీదికి వచ్చింది. ఆ గడప అప్పుడు ఆగయ్యను కాపాడింది. ఏ చేతగానివాడో చేసిన ఆ చెడ్డ పని ఒక మనిషికి ఇరవై రోజుల ఆయుష్షు పోసింది. చేతనైనవాడు దాన్ని నునుపుగా తీసేశాడు.

లీల మంచినీళ్ళు తెచ్చేసరికి అతను వాకిట్లో చెప్పులు వెతుక్కుంటున్నాడు. కాళ్ళకే ఉన్నాయి.

కోరుట్లలో రజిత తండ్రిని చూసి ఎగిరి గంతేసింది. "బాపూ! చెప్పకుంట అచ్చినవ్? పిస్టను మంచిగ జేసినవట గద, బండి ఉరుకుతాందంటడు మీ అల్లుడు. కూసో, అన్నం పెడుత."

"ముందుగాల నీ మొగనితోని ఒక మాటున్నది బిడ్డా."

మహిపాల్ మేడ మీద ఉన్నాడు. మామను చూడగానే అతని ముఖం అన్నీ చెప్పేసింది. అల్లడానికి టైము దొరకలేదు.

"నిన్ను సంప అచ్చెటోళ్ళు ఉన్నరంటివి," అన్నాడు ఆనందం.

"ఉన్నరు మామ..."

"ఆగయ్యనా? నడుమున చేతులు పెట్టుకొని సంప అచ్చిండా?"

మహిపాల్ పిట్టగోడ మీద చేయి పెట్టి రోడ్డు వైపు చూశాడు. "బెదిరియ్యనీకే పోయిన. మొదాలు. ఎదురు తిరిగిండు. మా వెంచరాయన పని గావాలె అన్నడు. సామాను భాస్కర్ పసుపు కుప్ప కింద పెట్టమన్నది గూడ ఆయనే."

"మొదటిసారి జామైంది. గందుకు నా దగ్గరికి అచ్చినవ్."

"నువ్వు గంత మంచిగ జేత్తవని నేననుకున్ననా?"

జీవితంలో అతను విన్న మెప్పులన్నిటిలోకీ అదే పెద్దది.

"ఒక్క మాటిను మామ," మహిపాల్ దగ్గరికి వచ్చాడు. "గా ముడి ఎవలు సదువుతరు? పోలీసోళ్ళు మంత్రగానికోసం తిరుగుతాండ్రు. భాస్కర్ నాలుగు నెలలైతే బెయిలు మీద అత్తడు. నువ్వు నోరు తెరిసినవనుకో, నాకంటే ముందుగాల నువ్వు పోతవ్. రిపేరు జేసిందెవలు? పోతే పోయినం. రజిత? నీ బిడ్డ మెడల నేను కట్టిన మూడు ముళ్ళున్నయి. మరిచిపోకు."

"మూడే గద," అన్నాడు ఆనందం నెమ్మదిగా. "నాలుగోది నేనేసిన. అది ఊడదు."

కిందికి దిగితే రజిత పళ్ళెంలో అన్నం పెట్టి ఎదురుచూస్తోంది. వంకాయ కూర, పచ్చిపులుసు, అతనికి ఇష్టమైనవే. ఆనందం కూర్చున్నాడు. మొదటి ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది. ముద్దను పళ్ళెంలోనే పెట్టేశాడు. చేయి కడుక్కుని బిడ్డ తల మీద పెట్టాడు.

"ఏమైంది బాపూ?"

"బస్సుకు టైమైంది బిడ్డా."

ఏ బస్సో రజిత అడగలేదు. అడిగి ఉంటే చెప్పలేకపోయేవాడు. మల్లాపూర్ ఆటోనే మళ్ళీ ఎక్కాడు.

స్టేషన్‌లో సీఐ మొదట నమ్మలేదు. సిరిసిల్ల నుంచి ఒక ముసలి మెకానిక్ వచ్చి, తుపాకి బాగుచేసింది నేనే అంటే, పేపర్ల పిచ్చి ముదిరిందనుకున్నాడు. తాగావా అన్నాడు. ఎవరు పంపారన్నాడు. ఆనందం తన చొక్కా జేబులోంచి రాణి రంగు దారం తీశాడు. రెండు ముక్కలు చేశాడు. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడి చేతి రెండు వేళ్ళతో ముడి వేసి బల్ల మీద పెట్టాడు. సీఐ లాగాడు. కానిస్టేబుల్ లాగాడు. ఊడలేదు. పిస్టలుకున్న ముడి ఫోటోను పెద్దది చేసి పక్కన పెట్టుకున్నారు. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి.

"గొట్టం లోపట సూడుండ్రి సార్," అన్నాడు ఆనందం. "గుండు దూరే కాడ గడప ఉండె. నేనే తీసిన. గక్కడ నా చెయ్యి కనబడ్తది. మా షెడ్డు వెనుక నూలు బేల్ల మూడు గుండ్లున్నయి. అవి గూడ తీస్కోండ్రి."

ఆ సాయంత్రమే మహిపాల్‌ను పట్టుకొచ్చారు. రజితకు ఏమీ చెప్పలేదు, స్టేషన్‌కు రమ్మన్నారు. సిరిసిల్లకు ఫోన్ చేసి, మీ ఆయన పిస్టల్ కేసులో ఉన్నాడని మల్లవ్వకు చెప్పారు.

మర్నాడు పది గంటలకు స్టేషన్ ముందు ఒక జీపు ఆగింది. అందులోంచి మల్లవ్వ, బక్కయ్య, నలుగురు ఆసాములు దిగారు. బక్కయ్య వస్తూనే చేతులు జోడించి మొదలుపెట్టాడు.

"సార్, మా ఆనందం అసుంటోడు గాదు. పిస్టను రిపేరు జేసుడు తప్పెట్లయితది సార్? అల్లుని బండి గద! దొంగ బండో ఏదో అయితె అల్లున్నడుగుండ్రి. మేం నలుగురం జమానతు ఉంటం. ముప్పై అయిదేండ్ల సంది గా మనిషి చేతిల ఒక్క పని చెడిపోలే."

సీఐ ఆనందం వైపు చూశాడు. ఆనందం బెంచీ మీద తల వంచుకుని ఉన్నాడు. అవతలి గోడ దగ్గర భాస్కర్‌కు టిఫిన్ డబ్బా తెచ్చిన లీల నిలబడి ఉంది. తన వాకిట్లో కూర్చుని నీళ్ళు కూడా తాగకుండా పోయిన మనిషిని ఆమె గుర్తుపట్టింది. ఇవతల కిటికీ పక్కన రజిత. రాత్రంతా ఏడ్చిన కళ్ళు, ఎందుకో తెలియని ఏడుపు.

"బక్కయ్యా," అన్నాడు ఆనందం. "నీకు చెప్పింది తప్పు."

"ఏది తప్పు?"

"మల్లవ్వకు ఫోన్ల అల్లుడు చెప్పింది వేరే. సాంచాల సప్పుడుల దానికి వేరే ఇనబడ్డది. అది మీకు చెప్పింది. మీరు ఊరందరికి చెప్పిండ్రు. దాని తప్పు లేదు, మీ తప్పు లేదు. డబ్బ మూత తీసిననాడు నాకైతె సక్కగనే కనబడ్డది. గని నేను దిద్దలే. అల్లుడు గట్లనే ఉండనియ్యి అన్నడు, ఉండనిచ్చిన. నువ్వు రోజూ అడిగితివి, మంచిగైందంటి." అతను లీల వైపు తిరిగాడు, కళ్ళు పైకెత్తలేక ఆమె కాళ్ళకున్న పసుపు వైపు చూశాడు. "అవ్వా, మొదటిసారి టక్కుమన్నది అంటివి గద. గది పేలకపోవుడు నీ బావ అదృష్టం. పేలెటట్టు జేసింది నేను. పేపర్ల ఏసిన ముడి గూడ నాదే."

బక్కయ్య జోడించిన చేతులు ఎప్పుడు విడిపోయాయో అతనికే తెలియదు. లీల టిఫిన్ డబ్బాను నేల మీద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. లోపలి గదిలోంచి భాస్కర్ దగ్గు వినబడింది.

రజిత చేయి మెడ దగ్గరికి పోయింది. పుస్తెల తాడును పట్టుకుంది. తీయలేదు, వదల్లేదు.

అందరి ముఖాలూ మారిపోవడం మల్లవ్వ చూసింది. మాట మాత్రం అందలేదు. ఇటు చూసింది, అటు చూసింది, చెవి దగ్గర అరచేయి పెట్టుకుంది.

"ఏమన్నడే? ఏమన్నడు మీ బాపు? పిస్టనుకు గింత లొల్లి ఏందే?"

బక్కయ్య మొహం తిప్పుకున్నాడు. రజిత కిటికీ దగ్గర్నుంచి వచ్చి తల్లి భుజం పట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి, అలవాటైన గట్టి గొంతుతో అరిచింది. స్టేషనంతా వినబడింది, లోపలి గదిలో ఉన్న మహిపాల్‌కూ వినబడింది, బయట జీపులో కూర్చున్న డ్రైవరుకూ వినబడింది.

"పిస్టను కాదే అవ్వా! పిస్టలు! మనిషిని సంపేటిది! బాపు మంచిగ జేసిండు!"